ఎత్తకు

పర్లాకిమిడి పాత బస్టాండు వెనక
నా కొట్టు వెడల్పు ఆరడుగులు.
గోడకి మూడు భాషల్లో ఒకటే మాట రాయించాను,
ఇక్కడ ఫోన్లు బాగుచేయబడును.
తెలుగులో ఒత్తులు రాలాయి, ఒడియా గుండ్రాలు సగం వెలిశాయి,
హిందీ ఒక్కటే కొత్తగా ఉంది,
ఎవరూ ఆనుకుని నిలబడని వైపు గనక.

పొద్దున్న పాతపట్నం నుంచొచ్చిన పేపర్లో
లోపలి పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో
పాత నెట్‌వర్కు ఆగిపోతుందట,
మీటల ఫోన్లు ఇక మూగవట.
టీ గ్లాసు ఆ వార్త మీదే పెట్టాను.
గుండ్రంగా తడి ముద్ర పడింది.

మీకు తెలీదేమో,
మహేంద్రతనయ దాటితే ఒకప్పుడు
గాలి కూడా రోమింగే.
చేసినవాడికీ డబ్బు, ఎత్తినవాడికీ డబ్బు.
అందుకే ఈ వార మనుషులం
ఎత్తకుండా మాట్లాడుకోవడం నేర్చాం.

గుమ్మ కొండల నుంచి సునామి గొమాంగో
అనాస, అల్లం, చీపురు కట్టలు దింపేది.
పాతపట్నంలో కొనేది దుప్పల గవరయ్య.
ఆమెది సవర, ఆయనది తెలుగు.
మధ్యలో ఒడియా ఉంది గానీ
అది ఇద్దరికీ ఆఫీసు భాష, బేరానికి రాదు.
ఒక మోత: సరుకు దిగింది.
రెండు: వాన, దిగలేదు.
మూడు: కాశీనగర్ జంక్షన్‌కి ఆటో పంపు.
మూడు మోగి, ఊపిరి పట్టి, మళ్ళీ ఒకటి:
పోయిన సంత బాకీ మర్చిపోయావు.
పదకొండేళ్ళ వ్యాపారం,
పైసా బిల్లు పడలేదు,
మాటా తేడా రాలేదు.

ఇప్పుడు గవరయ్య కొడుకు కూర్చుంటున్నాడు,
చెవిలో తెల్ల చిక్కుడు గింజంత యంత్రం.
సునామికీ కొత్త ఫోను వచ్చింది.
అన్ని భాషలూ ఉన్నాయన్నాడు కంపెనీ కుర్రాడు.
జాబితా వేలితో పైకి తోశాం, తోశాం,
సముద్రాల అవతలి పేర్లు వచ్చాయి,
కొండ అవతలి పేరు రాలేదు.
అయినా చూద్దామని
అల్లం తడిసిందని ఆమె తన మాటలో చెప్పింది.
ఫోను కాసేపు చుక్కలు తిప్పి
"మీ అత్తగారు రైలెక్కారు" అని రాసింది.
చదివి చెప్తే
పక్క చెప్పుల కొట్టువాడు లేచి చూసేంతగా నవ్వింది.

సోమవారం సంతయ్యాక మళ్ళీ వచ్చింది, నవ్వు లేదు.
ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది.
"పాడైపోనాది."
ఏమైంది?
"ఎత్తేస్తన్నాడు."
ఎవరు?
"ఆ పిల్లడు. మోగక ముందే ఎత్తేసి హలో హలో అంతన్నాడు.
నానేటి సెప్పను?
రెండో మోత నా కాడే ఉండిపోతంది.
ఎత్తకుండా బాగుసెయ్యి."

నా దగ్గర పదహారు రకాల స్క్రూడ్రైవర్లున్నాయి.
ఈగ కాలంత తీగని బోర్డుకి అతకగలను.
దీన్ని ఎక్కడ విప్పాలో తెలియలేదు.
సెట్టింగులు ఊరికే తెరిచి, మూసి,
డబ్బులొద్దని ఇచ్చేశాను.
చెయ్యి ఖాళీగా ఉంచుకోలేక కాబోలు
తన మూట విప్పి ఒక అల్లం కొమ్ము పెట్టి వెళ్ళింది.
నిజంగానే తడిసింది.

రాత్రి షట్టరు దించి
అవతలి ఒడ్డునున్న అప్పకి
ఒక్క మోత ఇచ్చి కోసేశాను.
పాత లెక్కలో, కొట్టు కట్టేశాను, పడుకో.
అరనిమిషంలో వీడియో కాల్.
వెలుతురు లేని వరండా, సగం ముఖం, ముక్కుపుడక.
"ఏటైంది రా? ఒంట్లో బాగుందా? ఎందుకు కోసేశావు?"
ఏం లేదప్పా.
"ఏం లేకపోతే ఎందుకు చేశావు?"

దానికి జవాబు ఇదివరకు
ఒక మోతంత పొడవుండేది.
రోడ్డు మీద నిలబడి పావుగంట చెప్పాను.
పూర్తవలేదు.